తెర మీద నాలుగు తెలుగు ముక్కలకు ప్రోగ్రాం మొత్తం మళ్లీ చెయ్యాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో మిర్చి రైతు ఒకాయన రాసింది చదివాను. మార్కెట్లో అడ్తి దుకాణం (కమీషన్ మీద రైతు సరుకు అమ్మిపెట్టే దుకాణం) కంప్యూటర్ తెర మొత్తం ఇంగ్లీషులోనే ఉందట, గుమస్తా ఏ గడిలో ఏం కొడుతున్నాడో పక్కన నిలబడి చూసినా అర్థం కాలేదట. తెలుగులో పెట్టించండి అని సేటుని అడిగితే, సాఫ్ట్‌వేర్ అతన్ని అడిగాం, ప్రోగ్రాం మొత్తం మళ్లీ చెయ్యాలి, ఏడాది పడుతుంది, చాలా ఖర్చు అన్నాడు అని జవాబొచ్చిందట. ఆ సాఫ్ట్‌వేర్ అతను నేను కాదు. కానీ అచ్చం అదే మాట నేనూ ఒకప్పుడు ఒక సేటుతో అన్నాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా. ఆ మాటలో సగం నిజం, మిగతా సగం మా బద్ధకం.

నాది హనుమకొండ. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణాలకు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చి, దాన్ని చూసుకుంటూ బతుకుతున్నాను. కంపెనీ అంటే నేను, ఒక కుర్రాడు, ఒక స్కూటీ, అంతే. రైతు సరుకు తెస్తాడు, ధర తెగుతుంది, కాంటా అవుతుంది, గుమస్తా ఫారం తెరిచి రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, తూకం, తరుగు, ధర, హమాలీ, దడవాయి (తూకం వేసేవాళ్ల కూలి), కమీషన్ అన్నీ కొడతాడు, రైతుకిచ్చే లెక్క చీటీ, అదే తక్‌పట్టీ, ప్రింటవుతుంది. లెక్క ఐదో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది. తలనొప్పంతా ఆ ఫారంతోనే. ఒక సేటుకి తూకం ముందుండాలి, ఇంకొక సేటుకి ధర ముందుండాలి, మూడో ఆయనకి దడవాయి గడి అసలు కనబడకూడదు. పద్దెనిమిది దుకాణాలుంటే పద్దెనిమిది రకాల ఫారాలు, అంటే నా దగ్గర పద్దెనిమిది ప్రోగ్రాంలు. ఏ దుకాణానికి ఏది ఇచ్చానో ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి, నవ్వకండి.

నేను నేర్చుకున్నది వీబీ6, ప్రోగ్రాంలు రాయడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల భాష. 1998లో వచ్చిందది, మా ఊరి ఇన్‌స్టిట్యూట్లకు చేరేసరికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. అందులో లేబుల్ మీద తెలుగు పెడితే వరసగా ప్రశ్న గుర్తులు వచ్చేవి. దాని గడులూ బొత్తాలూ విండోస్ పాత కోడ్ పేజీల్లో, అంటే ఏ నంబరుకి ఏ అక్షరమో చెప్పే పట్టికల్లో, ఉన్న అక్షరాలనే చూపగలవు, తెలుగుకి అలాంటి కోడ్ పేజీయే లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చి కంప్యూటర్‌కి తెలుగు వచ్చింది గానీ వీబీ6కి రాలేదు. అప్పుడు మేం చేసిన పని ఏంటంటే, డీటీపీ వాళ్ల ఫాంట్ ఒకటి ఎక్కించి, లేబుల్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, పైన ఆ ఫాంట్ తొడిగేవాళ్లం. చూడ్డానికి తెలుగే. కంప్యూటర్ ఫార్మాట్ చేయించి ఫాంట్ మళ్లీ ఎక్కించడం మరిచిపోయారో, పొద్దున్నే సేటు ఫోను, మీ ప్రోగ్రాంకి వైరస్ పట్టింది అని.

తర్వాత క్యూటీకి మారాను. ప్రోగ్రాంలు కట్టడానికి నార్వే వాళ్లు మొదలుపెట్టిన సరంజామా అది, అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్ పద్ధతి కాబట్టి తెలుగు తిన్నగా కనబడుతుంది. అయినా నా ఫారాలు ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. ఎందుకో చెప్పాలంటే ఫారం ఎలా తయారవుతుందో కాస్త చెప్పాలి, ఓపిక పట్టండి.

క్యూటీలో డిజైనర్ అని ఒక బొమ్మలు గీసే పనిముట్టు ఉంటుంది. అందులో గడులు, బొత్తాలు, లేబుళ్లు మౌసుతో లాగి పెట్టుకుని సేవ్ చేస్తే డాట్ యూఐ అనే ఫైలు వస్తుంది. అది ఎక్స్‌ఎంఎల్, మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవగలం. ఇక్కడి నుంచి రెండు దారులు. మొదటి దారిలో, ప్రోగ్రాం తయారుచేసేటప్పుడే యూఐసీ అనే చిన్న పనిముట్టు ఆ ఫైలుని సీ ప్లస్ ప్లస్ కోడ్‌గా మార్చేస్తుంది, అది కంపైలై, అంటే కంప్యూటర్ భాషలోకి మారి, ఎగ్జీలో, అంటే నడిచే ప్రోగ్రాం ఫైల్లో కలిసిపోతుంది, తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ నా కంప్యూటర్ దగ్గరికి రావాల్సిందే. రెండో దారిలో ఆ యూఐ ఫైలుని అలాగే ఎగ్జీ పక్కన ఒక ఫోల్డర్లో పెట్టి పంపుతాం, ప్రోగ్రాం నడుస్తుండగా ఫారం తెరవాల్సి వచ్చినప్పుడు క్యూయూఐలోడర్ అనేది ఆ ఫైలు చదివి అప్పటికప్పుడు గడులు కట్టి చూపిస్తుంది. ఫైలు మారిస్తే ఫారం మారుతుంది, ప్రోగ్రాంని ముట్టుకోనక్కర్లేదు. ఇంటి పేరుని గోడ సిమెంట్లో చెక్కించడానికీ, బోర్డు మీద రాయించి మేకుకి తగిలించడానికీ ఎంత తేడానో దీనికీ అంతే.

నేను మొదటి దారిలో ఉన్నాను. పుస్తకంలో అదే ముందు చెప్పాడు, నేను అక్కడే ఆగిపోయాను.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. సంబరాలు అయ్యాక నాకు గుర్తొచ్చిన మొదటి సంగతి, నా ఫారంలో రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని కొట్టి పెట్టానని. పద్దెనిమిది ప్రోగ్రాంలు కంపైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎనుమాముల అంతా తిరిగాను. సరే, రాష్ట్రాలు రోజూ పుట్టవు కదా అనుకున్నా. 2016 అక్టోబర్ 11, దసరా రోజు, పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. మా వరంగల్ ఒక్కటే అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని ముక్కలైంది. జిల్లాల జాబితా ఫారంలో కాదు, డేటాబేస్‌లో ఉండాలని ఇప్పుడు ఎవరికైనా పాఠం చెబుతాను, అప్పుడు మాత్రం ఫారంలోనే కొట్టాను. మళ్లీ పెన్‌డ్రైవ్, మళ్లీ స్కూటీ. ఆ అలసట తీరకముందే 2017 జూలై 1న జీఎస్టీ, దానికో నంబరు గడి, హెచ్‌ఎస్‌ఎన్ అనే సరుకు కోడ్ గడి. జీఎస్టీ వారంలో రాత్రి రెండింటికి ఒక దుకాణం ప్రోగ్రాం ఇంకో దుకాణంలో ఎక్కించి వచ్చాను. తెల్లారి ఆ సేటు పెట్టిన చివాట్లు ఇక్కడ రాయలేను, మీరు అచ్చు వేసుకోలేరు.

ఆ తర్వాతే ఫారాలన్నీ బయట పెట్టాను. నెలన్నర పట్టింది. ఎగ్జీ ఒక్కటే, ప్రతి దుకాణంలో ఫారాలు అనే ఫోల్డర్ మాత్రం వేరు. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలైనప్పుడూ, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ, రూరల్ పేరు వరంగల్ అయినప్పుడూ నేను ఇంటి దగ్గరే కూర్చుని ఫైల్ మెయిల్ చేశాను.

తెలుగు సంగతికి వస్తా. ఫారాలు బయటికి వచ్చాక ఒక దుకాణంలో సేటు బిడ్డ, డిగ్రీ చదువుతున్న అమ్మాయి, అంకుల్, ఇది నేను తెలుగులో పెట్టుకోవచ్చా అంది. డిజైనర్ ఎక్కించి, కాపీ ఒకటి తీసిచ్చి, లేబుల్ మీద రెండుసార్లు నొక్కి ఎలా మార్చాలో చూపించాను. అంతకుముందు నేనే ఒక తెలుగు ఫారం చేసి పెట్టాను లెండి, నిఘంటువు పక్కన పెట్టుకుని. అందులో హమాలీకి శ్రామిక రుసుము అని, తరుగుకి తగ్గింపు పరిమాణం అని రాశాను. ఆ అమ్మాయి చూసి పడీ పడీ నవ్వింది. హమాలీ అంటే హమాలీయే అంకుల్, ఇది చూస్తే రైతు గవర్నమెంటు ట్యాక్స్ అనుకుంటాడు అంది. మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే సాయంత్రం టీ టైముకి అయిపోయింది. అసలు విషయం ఇదే ఎడిటర్ గారూ. ఏ గడికి ఏ పేరుండాలో దుకాణంలో కూర్చునేవాళ్లకు తెలుసు, నాకు తెలీదు. ఫారం నా ఎగ్జీలో బిగించి ఉన్నంతకాలం ఆ తెలిసినవాళ్ల చెయ్యి దాని మీద పడదు.

తెలుగు పెట్టగానే ఇంకో గమ్మత్తు బయటపడింది. నేను పాత అలవాటు కొద్దీ లేబుళ్లకు ఎత్తు ఇన్ని పిక్సెళ్లు, వెడల్పు ఇన్ని పిక్సెళ్లు అని బిగించి పెట్టాను, ఇంగ్లీషుకి అది సరిపోయింది. తెలుగుకి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కదా, వత్తులన్నీ కత్తిరించినట్టు తెగిపోయాయి. బస్తాలు కాస్తా బసాలు అయ్యాయి, ఖర్చులు ఖరులు అయ్యాయి. ఒక ముసలి రైతు తెర వైపు చూసి, నాయనా ఈ బసాలు ఏంది అనడిగాడు. అప్పుడు కూర్చుని ప్రతి ఫారంలోనూ కొలతలు తీసేసి లేఅవుట్లు పెట్టాను, అంటే గడులు వరసలో, గ్రిడ్‌లో ఉంటాయి, మాట ఎంత పొడుగైతే, ఎంత ఎత్తైతే గడి అంత చోటు తీసుకుంటుంది. తెలుగు ఫారం చేసేవాళ్లెవరైనా మొదట చేసుకోవాల్సిన పని ఇది, మేం చివర్లో చేస్తాం.

ఇదంతా చదివి ఫారాలు బయట పెడితే స్వర్గమే అనుకుంటారేమో, నేను తిన్న దెబ్బలు కూడా చెప్పాలి.

మొదటిది ఒక గుమస్తా చేసిన పని. డిజైనర్ ఎందుకు, నోట్‌ప్యాడ్ చాలదా అని ఇంగ్లీషు ఫైల్ తెరిచి మాటలు తెలుగులోకి మార్చి సేవ్ కొట్టాడు. ఆ పాత విండోస్ నోట్‌ప్యాడ్, తెలుగు లేని ఫైలుని ఏఎన్‌ఎస్‌ఐ (ఆ పాత కోడ్ పేజీ పద్ధతి) అనుకుని తెరుస్తుంది, సేవ్ చేసేటప్పుడు, ఇందులో యూనికోడ్ అక్షరాలున్నాయి పోతాయి అని ఇంగ్లీషులో హెచ్చరిస్తుంది. మనం అలాంటివి చదువుతామా, ఓకే కొట్టాడు. ఫారం తెరిస్తే వీబీ6 రోజులు తిరిగొచ్చినట్టు అన్నీ ప్రశ్న గుర్తులే. 2019లో వచ్చిన విండోస్ 10 మార్పుతో నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో సేవ్ చేస్తోంది కాబట్టి ఈ బాధ ఇప్పుడు తగ్గింది, మార్కెట్లో విండోస్ 7 డబ్బాలు మాత్రం ఇంకా ఉన్నాయి.

రెండోది నా తప్పే. ఫారంలో ప్రతి గడికీ రెండు ఉంటాయి. ఒకటి పైకి కనబడే మాట, రెండోది లోపల ప్రోగ్రాం పిలుచుకునే పేరు. కంపైల్ చేసే పద్ధతిలో పేరు తప్పు పడితే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది, నా పరువు నా ఇంట్లోనే ఉంటుంది. బయటి ఫైలుకి ఆ కాపలా లేదు. ప్రోగ్రాం నడుస్తూ ఫలానా పేరున్న గడి ఏది అని వెతుకుతుంది, దొరక్కపోతే చేతికి ఏమీ రాదు, ఆ రాని దాన్ని పట్టుకుని తూకం అడిగితే ప్రోగ్రాం ఢమాల్. ఒకాయన శ్రద్ధగా పైమాటతో పాటు లోపలి పేరు కూడా తెలుగు చేశాడు. మార్చి నెల, తేజ మిర్చి బారులు తీరి వచ్చిన పొద్దు, ఫారం తెరవగానే ప్రోగ్రాం మాయం. ఆ రోజు తక్‌పట్టీలన్నీ చేత్తో రాశారు. ఆ రోజు సాయంత్రమే కూర్చుని రాశాను, ఫారం లోడ్ కాగానే కావాల్సిన గడులన్నీ ఉన్నాయా అని పేరు పేరునా చూసుకుని, ఒక్కటి లేకపోయినా బయటి ఫైలు పక్కన పెట్టి, ఎగ్జీ లోపల దాచిన అసలు ఫారాన్నే తెరిచి, ఏ పేరు దొరకలేదో కింద చూపించేలా. బయటిది పాడైతే లోపలిది. ఈ రెండో కాపీ లేకుండా ఫారాలు బయట పెట్టేవాడు నాలాగే ఒక మార్చి నెల చూస్తాడు.

మూడోది కొంచెం టెన్షన్ పెట్టింది. కమీషన్ శాతం గడిని గుమస్తా మార్చకూడదని ఫారంలో రీడ్ ఓన్లీ అని పెట్టాను. ఫారం బయటే ఉంది కదా, తెలివైన కుర్రాడెవడో ఆ ఒక్క మాట తీసేశాడు. సేటు లెక్కలు చూసుకుంటుంటే దొరికింది. తప్పు కుర్రాడిది అనుకోండి, కానీ తలుపుకి గొళ్లెం బయట పెట్టింది నేను. ఎవరు ఏం మార్చవచ్చు, ఎంతవరకు కొట్టవచ్చు అనేవి ఫారంలో ఉండకూడదు, ప్రోగ్రాం లోపలే మళ్లీ తనిఖీ జరగాలి. ఫారాల ఫోల్డర్‌ని కూడా ఇప్పుడు ప్రోగ్రాం ఫైల్స్ కింద పెడుతున్నా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లే రాయగలరు.

ఇంకోటి, ఫారంలో కొత్త గడి గీసినంత మాత్రాన లెక్క రాదు. ఒక సేటు తనే చాట ఖర్చు అని గడి పెట్టుకుని, ఇందులో కొట్టింది ప్రింటులో రావట్లేదేంటి అన్నాడు. దానికి నేను డేటాబేస్‌లో ఇతర ఖర్చుల కింద ఐదు ఖాళీ కాలమ్‌లు ముందే వదిలిపెట్టి, డిజైనర్‌లో గడికి ఒక అదనపు గుణం తగిలిస్తే, అంటే నువ్వు ఫలానా కాలమ్‌వి అని రాస్తే, ప్రోగ్రాం దాన్ని వెతికి పట్టుకునేలా చేశాను. ఐదు దాటితే మళ్లీ నేనే రావాలి. వేగం సంగతి అడుగుతారేమో, ఫైలు చదివి గడులు కట్టడానికి నా కంటికి తెలిసేంత ఆలస్యం ఏ దుకాణంలోనూ కాలేదు. అనువాద ఫైళ్లు వేరే ఉంటాయి కదా, అవి చాలవా అని తెలిసినవాళ్లు అనొచ్చు. మాటలు మార్చడానికి చాలతాయి, గడి జరపడానికీ దాచడానికీ చాలవు, మా సేట్ల గోల ఎక్కువగా ఆ రెండోదే.

పోనీ ఇదేమైనా కొత్త వింతా అంటే అదీ కాదు. 1988లోనే నెక్స్ట్ కంప్యూటర్లలో ఇంటర్‌ఫేస్ బిల్డర్ అని ఉండేది, జాన్ మారీ హ్యూలో అనే ఫ్రాన్స్ ఆయన చేశాడు, దాని ఫారాలు నిబ్ ఫైళ్లుగా దాచుకుని ప్రోగ్రాం నడిచేటప్పుడు తెరుచుకునేవి. ఆ పద్ధతే తర్వాత ఆపిల్ మ్యాక్‌కి వెళ్లింది, భాషకో ఫోల్డర్, ఆ ఫోల్డర్లో ఆ భాష ఫారం. లైనక్స్ వాళ్లకు 1998 నుంచి ఫారాలు గీసే గ్లేడ్ ఉంది, 2007 నుంచి క్యూటీ లాంటి జీటీకే లోపలే, నడుస్తుండగా ఫారం కట్టే బిల్డర్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డబ్ల్యూపీఎఫ్ అనే సరంజామాలోనూ నడుస్తుండగా జామెల్ అనే ఫైలు నుంచి ఫారం చదివే వీలు పెట్టారు. దారి లేక కాదు, మేం నడవక. నడవకపోవడానికి నిజం కారణం కూడా చెప్పేస్తా, ప్రతి చిన్న మార్పుకీ విజిట్ చార్జీ వస్తుంది. ఫారాలు బయట పెట్టాక నా విజిట్లు సగానికి పడిపోయాయి. ఏడాది కాంట్రాక్టు డబ్బు కొంచెం పెంచి సర్దుకున్నా, ఇద్దరు సేట్లు అలిగి మానేశారు కూడా.

ఇప్పుడు ఆ ఉత్తరం రాసిన రైతు గారికి, ఆయన సేటుకి నాది ఒక మాట. కొత్త ప్రోగ్రాం కొనే ముందు, అది అడ్తి దుకాణమైనా, సహకార సంఘమైనా, రైస్‌మిల్లైనా, లేబుల్ మీది మాట మీరు లేకుండా మేం మార్చుకోగలమా అని సాఫ్ట్‌వేర్ అతన్ని అడిగి, అతనెదురుగానే ఒకటి మార్పించి చూడాలి. మార్చిన ఫైలు పాడైతే ప్రోగ్రాం తెరుచుకుంటుందా అన్నది కూడా అప్పుడే అక్కడే పరీక్షించాలి. ఒప్పంద కాగితంలో ఈ రెండూ రాయించుకోవాలి, తర్వాత మాటల మీద ఏదీ నిలబడదు. మార్కెట్ కమిటీలు తమ కోసం కొనేటప్పుడు అడిగినా మంచిదే.

ఉన్న ప్రోగ్రాం అయితే, సేటుని ఆ ప్రోగ్రాం ఫోల్డర్ ఒకసారి తెరవమనండి. చివర యూఐ (.ui) అనో, గ్లేడ్ (.glade) అనో, జామెల్ (.xaml) అనో ఉన్న ఫైళ్లు కనబడితే అసలుది ముట్టుకోకుండా ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. అందులో హమాలీ, కమీషన్ లాంటి మాటలు ఇంగ్లీషులో చదవడానికి వీలుగా కనబడితే, ఏడాది పడుతుందన్న మాట నమ్మనక్కర్లేదు. ఏమీ కనబడకపోతే ఫారం ఎగ్జీలో బిగించేసి ఉండొచ్చు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ అతని నంబరు మీ ఆఫీసుకి పంపమనండి, నేను మాట్లాడతాను. మేమిద్దరం ఒక జాతివాళ్లమే కాబట్టి నా మాట వింటాడేమో.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
హనుమకొండ